టెస్టర్ల కోసం రాసిన క్రోమ్ ఎక్స్‌టెన్షన్‌ని తిరగరాయాలా, వదిలేయాలా?

లారీనంబర్ (ప్రశ్న)

నమస్తే అండీ. విజయవాడలో ఒక చిన్న కంపెనీలో ఫ్రంటెండ్ చూస్తాను. రైస్ మిల్లులకు బిల్లింగ్, స్టాక్ సాఫ్ట్‌వేర్ మాది. కస్టమర్లు ఎక్కువగా తాడేపల్లిగూడెం, మిర్యాలగూడ వైపు వాళ్లు.

మా టెస్టింగ్ టీమ్‌కి నేను ఒక క్రోమ్ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్) రాసిచ్చాను. స్టేజింగ్ సైట్‌లో (టెస్టింగ్‌కి పెట్టిన నకలు) ఉంటే పేజీ పైన ఆకుపచ్చ పట్టీ, లైవ్‌లో ఉంటే ఎర్ర పట్టీ చూపిస్తుంది. రెండు సైట్లూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి ఆ పట్టీ లేకపోతే మా వాళ్లకు టెన్షన్. ఒక బటన్ నొక్కితే ధాన్యం కొనుగోలు ఫామ్ మొత్తం నిండిపోతుంది: లారీ నంబరు, బస్తాల లెక్క, తేమ శాతం, జీఎస్టీ నంబరు అన్నీ. సర్వర్‌కి వెళ్లే ప్రతి రిక్వెస్ట్‌కీ ఒక హెడర్ (అదనపు సమాచారం మోసే లైను) కూడా తగిలిస్తుంది. ఏ మిల్లు డేటా చూపించాలో సర్వర్‌కి దాన్నిబట్టే తెలుస్తుంది.

ఇదంతా మానిఫెస్ట్ వీ2లో (క్రోమ్ ఎక్స్‌టెన్షన్లు రాసే పాత పద్ధతి) రాసింది. క్రోమ్ దాన్ని ఆపేశాక, అప్‌డేట్ కాకుండా ఆపిన పాత క్రోమ్‌తోనే టెస్టర్లు నెట్టుకొస్తున్నారు. కొత్త పద్ధతి వీ3కి మార్చబోతే రెండు చోట్ల ఇరుక్కున్నాను. ఒకటి, హెడర్ మార్చడానికి వాడిన వెబ్‌రిక్వెస్ట్ బ్లాకింగ్ (రిక్వెస్ట్‌ని మధ్యలో ఆపి మార్చే వీలు) ఇప్పుడు లేదంటోంది. రెండోది, బ్యాక్‌గ్రౌండ్‌లో వేరియబుల్‌లో దాచిన మిల్లు పేరు కాసేపటికి మాయమైపోతోంది.

మా సార్ ఏమో, "డెవ్‌టూల్స్‌లోనే (బ్రౌజర్‌లోనే ఉండే డెవలపర్ టూల్స్) అన్నీ వచ్చేస్తున్నాయి, మిగిలింది ఏఐ ఏజెంట్ చేస్తుంది. ఎక్స్‌టెన్షన్ల పని అయిపోయింది, దాని మీద టైమ్ పెట్టకమ్మా" అంటున్నారు. అందులో నిజమెంత? ఒకవేళ దీన్ని అందరికీ పనికొచ్చేలా మార్చి స్టోర్‌లో పెడితే నాలుగు డబ్బులొస్తాయా?

పాత_టూల్‌బార్

మీ సార్ చెప్పినదాంట్లో సగం నిజమేనమ్మా. ఆ సగం ఏదో చూద్దాం.

2006లో జో హెవిట్ ఫైర్‌బగ్ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ తెచ్చేదాకా జావాస్క్రిప్ట్ డీబగ్ చేయడమంటే వరసపెట్టి అలర్ట్ బాక్సులే. ఒక ఎలిమెంట్ మీద క్లిక్ చేస్తే దాని సీఎస్ఎస్ కనబడటం అప్పట్లో మాకు పండగ. తర్వాత అదంతా బ్రౌజర్లలోకే వెళ్లిపోయింది. 2017 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా యాడ్ఆన్లను ఆపేసినప్పుడు ఫైర్‌బగ్ కూడా ఆగింది. దాని కోసం ఎవరూ పెద్దగా గొడవ చేయలేదు, అది చేసే పనులు బ్రౌజర్‌లోనే ఉన్నాయి కాబట్టి. పేజీ పనితీరు కొలిచే లైట్‌హౌస్‌దీ అదే దారి: ఎక్స్‌టెన్షన్‌గా వచ్చి డెవ్‌టూల్స్‌లో ప్యానెల్ అయింది. రెస్పాన్స్ హెడర్లు మార్చి చూడటం కూడా 2023 నుంచి క్రోమ్ డెవ్‌టూల్స్‌లోనే కుదురుతోంది.

వ్యూ, రియాక్ట్ లాంటి ఫ్రేమ్‌వర్క్‌ల (పేజీలు కట్టే కోడ్ లైబ్రరీల) టూల్స్ కూడా మెల్లగా ఎక్స్‌టెన్షన్ దాటి వెళ్తున్నాయి. వ్యూ డెవ్‌టూల్స్‌ని వీట్ అనే బిల్డ్ టూల్‌కి ప్లగిన్‌గా వేసుకుంటే ఎక్స్‌టెన్షన్ అక్కర్లేదు, పేజీలోనే తెరుచుకుంటుంది. రియాక్ట్ 19.2 తన ట్రాక్‌లను (ఏ పనికి ఎంత సమయం పట్టిందో చూపే వరసలు) నేరుగా క్రోమ్ పెర్ఫార్మెన్స్ ప్యానెల్‌లో చూపిస్తోంది. కాబట్టి "డెవలపర్లందరికీ పనికొచ్చే" టూల్ అయితే ఇవాళో రేపో బ్రౌజర్ మింగేస్తుంది, లేదంటే బిల్డ్ టూల్ మింగేస్తుంది.

మీది ఆ జాతి కాదు. మీ టెస్టర్లు డెవ్‌టూల్స్ తెరిచి హెడర్లు రాసుకునేవాళ్లు కాదు. తేమ శాతం ఎంతుంటే మీ సాఫ్ట్‌వేర్ రేటు కోస్తుందో ఏ బ్రౌజర్ కంపెనీకీ తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు. మన చేతిలో కోడ్ లేని సైట్ మీదా, డెవ్‌టూల్స్ తెరవని మనిషి కోసమూ పని జరగాలంటే ఎక్స్‌టెన్షనే దిక్కు.

తెలుగువాళ్లకి దీనికి మంచి ఉదాహరణ ఉంది. ఈనాడు సైట్ యూనికోడ్‌లోకి రాకముందు సొంత ఫాంటుతో ఉండేది. ఆ ఫాంటు లేకపోతే తెరమీద అర్థంకాని గుర్తులు, ఉన్నా ఒక తెలుగు మాట వెతకడానికి వీల్లేదు. పద్మ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ ఆ పేజీలను అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. పత్రికలు మారేదాకా చదివేవాళ్లు ఆగక్కర్లేకుండా చేసిందది. (చిన్నవాళ్లకి ఇదంతా పురాణంలా ఉంటుందేమో!)

ఇక మీ రెండు చిక్కులు. హెడర్‌కి డిక్లరేటివ్‌నెట్‌రిక్వెస్ట్‌లో (ముందే రాసిచ్చిన రూల్స్‌ని క్రోమే అమలు చేసే ఏపీఐ) మాడిఫైహెడర్స్ వాడండి. యాడ్ బ్లాకర్లకు ఈ ఏపీఐ ఇరుకు. రిక్వెస్ట్‌ని చూసి అప్పటికప్పుడు నిర్ణయించే వీలు పోయింది, అందుకే యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ క్రోమ్‌లో లైట్ వెర్షన్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. మీకు కావలసింది ఒక్క హెడర్. టెస్టర్ మిల్లు మార్చినప్పుడల్లా సెషన్ రూల్‌ని (బ్రౌజర్ మూసేదాకా ఉండే రూల్) అప్‌డేట్ చేస్తే చాలు. బ్లాకింగే కావాలంటే, కంపెనీ పాలసీ ద్వారా ఇన్‌స్టాల్ చేసిన ఎక్స్‌టెన్షన్లకు వీ3లోనూ ఆ అనుమతి ఉంది.

మాయమయ్యే వేరియబుల్ సంగతి: వీ3లో బ్యాక్‌గ్రౌండ్ పేజీ బదులు సర్వీస్ వర్కర్ ఉంటుంది. 30 సెకన్లు పని లేకపోతే క్రోమ్ దాన్ని ఆపేస్తుంది, వేరియబుల్స్ దాంతోపాటే పోతాయి. మిల్లు పేరు స్టోరేజ్ సెషన్‌లో (వర్కర్ ఆగినా నిలిచే చోటు) పెట్టండి. సెట్‌ఇంటర్వల్ టైమర్‌తో వర్కర్‌ని బతికించాలని చూడకండి.

అన్నట్టు, అప్‌డేట్ కాని ఆ పాత క్రోమ్‌ని ఇవాళే తీసేయించండి. సెక్యూరిటీ ప్యాచ్‌లు లేని బ్రౌజర్‌లో లైవ్ సైట్ తెరవడం కంటే పట్టీ లేకుండా పనిచేయడమే నయం.

అనుమతి_లేదు

స్టోర్ గురించి నేను చెప్తానండీ. ఖాతాకి ఒకసారి 5 డాలర్లు కడితే సరి, అదేం పెద్ద విషయం కాదు. అసలు తలనొప్పి యూజర్లు పెరిగాక మొదలవుతుంది. మీ ఎక్స్‌టెన్షన్ వాళ్ల బ్రౌజర్లలో తెరిచిన ప్రతి పేజీనీ చదవగలదు కాబట్టి కొనేస్తామనే మెయిల్స్ వస్తాయి, కొనలేనివాళ్లు ఖాతా కొట్టేయాలని చూస్తారు. 2017 ఆగస్టులో క్రిస్ పెడెరిక్ రాసిన 'వెబ్ డెవలపర్' అనే ఎక్స్‌టెన్షన్‌కి జరిగింది అదే. ఫిషింగ్ మెయిల్‌తో డెవలపర్ ఖాతా చేజిక్కించుకుని, యాడ్స్ గుమ్మరించే వెర్షన్ వదిలారు. పది లక్షల మందికి పైగా వాడుతున్న టూల్ అది, పైగా వాడేదంతా డెవలపర్లే. వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చే గ్రేట్ సస్పెండర్‌ది ఇంకో రకం. 2020లో చేతులు మారింది, 2021 ఫిబ్రవరిలో మాల్‌వేర్ అని గూగుల్ తీసేసింది.

వీ3లో బయటి సర్వర్ నుంచి కోడ్ తెచ్చుకుని నడపడం నిషేధం, మంచిదే. కానీ ఈ రెండు దాడుల్లాంటివి దానితో ఆగవు, చెడ్డ కోడ్ అప్‌డేట్‌లోనే వస్తే ఏం చేస్తారు?

నాలుగు డబ్బుల కోసమైతే వద్దే వద్దంటాను. మీ ఆఫీసు గూగుల్ వర్క్‌స్పేస్ వాడుతుంటే స్టోర్‌లోనే ప్రైవేట్‌గా, మీ డొమైన్ వాళ్లకే కనబడేలా పెట్టొచ్చు. అనుమతుల్లో "అన్ని సైట్లు" అని రాయకండి, మీ రెండు డొమైన్లు రాస్తే చాలు.

రాత్రి_డిప్లాయ్

ఏఐ ముక్క ఎవరూ ముట్టుకోలేదే! నేను రోజూ వాడతాను కాబట్టి చెప్తున్నా. 2025 సెప్టెంబర్‌లో గూగుల్ క్రోమ్ డెవ్‌టూల్స్ ఎంసీపీ సర్వర్ (ఏఐ ఏజెంట్‌ని క్రోమ్‌కి కలిపే వంతెన) వదిలింది. కోడింగ్ ఏజెంట్ దాంతో నడుస్తున్న క్రోమ్‌ని తెరిచి కన్సోల్, నెట్‌వర్క్ అన్నీ తనే చూసుకుంటుంది. డీబగ్గింగ్‌కి భలే ఉంటుంది. కానీ అదే ఫామ్‌ని మళ్లీ మళ్లీ నింపడానికి ఏజెంట్ ఎందుకు బాస్? నిదానం, ఖర్చు, పైగా ఒకసారి బస్తాలు 200 అంటుంది, ఇంకోసారి 250 అంటుంది. టెస్ట్ డేటా ప్రతిసారీ ఒకేలా ఉండాలి కదా.

నా లెక్కలో ఏఐ వల్ల ఎక్స్‌టెన్షన్లు తగ్గవు, ఎక్కువవుతాయి. వీ2 నుంచి వీ3కి మార్చడం లాంటి చాకిరీ ఏజెంట్‌కే అప్పజెప్పండి, మీరు కూర్చుని రివ్యూ చేయండి. మీ సార్ బాధ టైమ్ గురించే అయితే ఈ మాట ఆయనకి నచ్చుతుంది.

లారీనంబర్

అందరికీ థ్యాంక్స్ అండీ. పాత క్రోమ్ తీసేయించాను, టెస్టర్లు గొణుగుతున్నారు. స్టోర్ ఆలోచన మానేశాను. స్టోరేజ్ సెషన్‌తో మిల్లు పేరు నిలబడింది. సార్‌కి "మన టెస్టర్లు డెవ్‌టూల్స్ తెరవరు కదండీ" అని చెప్తే, "సరే, ఈ వారంలో ముగించెయ్" అన్నారు.

హెడర్ దగ్గర ఒక వింత. ఏపీఐ కాల్స్ అన్నింటికీ చక్కగా వెళ్తోంది కానీ, పేజీ మొదటిసారి లోడయ్యే రిక్వెస్ట్‌కి మాత్రం వెళ్లట్లేదు. అనుమతుల్లో రెండు డొమైన్లూ ఉన్నాయి. ఇంకొకటి, మా అకౌంట్స్ వాళ్లు ఫైర్‌ఫాక్స్ వాడతారు, వాళ్లకోసం వేరే కోడ్ రాయాలా?

పాత_టూల్‌బార్

రూల్‌లో రిసోర్స్‌టైప్స్ (ఏ రకం రిక్వెస్టులకో చెప్పే చోటు) రాయలేదు కదూ? అది రాయకపోతే మెయిన్ ఫ్రేమ్ (పేజీ లోడ్) తప్ప మిగతావన్నీ అని తీసుకుంటుంది. మెయిన్_ఫ్రేమ్, ఎక్స్ఎంఎల్‌హెచ్‌టీటీపీరిక్వెస్ట్ (ఏపీఐ కాల్స్) రెండూ పేర్లు పెట్టి రాయండి, పేజీ లోడ్‌కీ వెళ్తుంది.

ఫైర్‌ఫాక్స్‌కి వేరే కోడ్ అక్కర్లేదు. అక్కడ వీ3లో సర్వీస్ వర్కర్ బదులు బ్యాక్‌గ్రౌండ్ స్క్రిప్ట్స్ ఉంటాయి. ఒకే మానిఫెస్ట్‌లో రెండూ రాసిపెట్టండి, రెండు బ్రౌజర్లూ 121 వెర్షన్ నుంచి తమకు ఏది కావాలో అదే తీసుకుంటాయి. ఎక్స్‌టెన్షన్‌కి డిజిటల్ సంతకం మాత్రం ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా దగ్గర చేయించాలి. అన్‌లిస్టెడ్ అని ఎంచుకుంటే స్టోర్‌లో కనబడదు, సంతకమైన ఫైల్ మీ చేతికిస్తారు, అకౌంట్స్ వాళ్లకు దాన్నే పంపండి.