‘అది ఉన్నచోట నేను...’ తర్వాత ఉండాలా, కావాలా?

(మాట్లాడేవాళ్ల పేర్ల బదులు వాళ్ల ఊళ్లు)

బరంపురం:
మూడు రోజులుగా ఒక వాక్యం మెదడులో తిరుగుతోంది. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1933 ఉపన్యాసాల్లోది, ఎప్పుడో తెలుగులో చదివాను. ‘అది ఉన్నచోట నేను ఉండాలి’ అనా, ‘నేను కావాలి’ అనా? చివరి క్రియ గుర్తు రావడం లేదు. సైకాలజీ చదువుతున్న మా మేనల్లుడు ‘పాత ఫ్రాయిడ్ సిద్ధాంతం ఇప్పుడెవరికి కావాలి మామయ్యా’ అన్నాడు. జవాబు చెప్పబోతే వాక్యమే తడబడింది.

పర్లాకిమిడి:
‘ఉండాలి’ మాత్రం కాదండీ. జర్మన్‌లో ‘వో ఎస్ వార్, జోల్ ఇష్ వెర్డెన్’. వెర్డెన్ అంటే అవడం. దాన్ని అనువాదకుడు స్ట్రేచీ ఇంగ్లీషులో ‘షల్ బి’ అన్నాడు, అవడం కాస్తా ఉండటమైపోయింది. ఎస్ అంటే అది, మనసులో మనకు తెలియని కోరికల భాగం. ఇష్ అంటే నేను, ఆ కోరికలను అదుపు చేసే భాగం. రెండూ పసిపిల్లలు కూడా వాడే మాటలు. ఇంగ్లీషువాళ్లు వాటిని లాటిన్‌లో ఇడ్, ఈగో చేశారు. వాళ్లను చూసి మనం ఇదం, అహం అన్నాం. ఇదం అంటే ‘ఇది’ కదా! ఫ్రాయిడ్ దూరంగా పెట్టి ‘అది’ అన్నదాన్ని మనం పక్కన కూర్చోబెట్టుకున్నాం. ఇక అహం అంటే పొగరు అనే జనానికి తెలుసు.

గుణుపురం:
ఇదం సంగతి ఒప్పుకుంటాను. కానీ ‘నేను కావాలి’ అన్నప్పుడు తెలుగువాడికి ముందు తోచేది, నన్ను ఎవరో కోరుకోవాలని. ఆ అర్థాన్ని వదలకండి. ‘లిబిడో (కామశక్తి) వెతికేది సుఖాన్ని కాదు, మనిషిని’ అని 1940లలో ఫెయిర్‌బెయిర్న్ అనే మనోవిశ్లేషకుడు పాత సిద్ధాంతాన్ని తిరగేశాడు. పసిబిడ్డ అంటూ విడిగా ఎవరూ ఉండరు, తల్లితో కలిపే చూడాలన్నాడు మరో మనోవిశ్లేషకుడు విన్నికాట్. మరొకరికి కావలసినవాడినైతేనే నేను ‘నేను’ అవుతాను. కొత్తవాళ్లు ఇంత కష్టపడి చేరిన చోటు మన ‘కావాలి’లో ముందే ఉంది.

పర్లాకిమిడి:
మాస్టారూ, శ్లేష అందంగానే ఉంది. కానీ మూలంలో లేదు. ఆ వాక్యం వెంటనే ఫ్రాయిడ్ దీన్ని జౌడర్ జీ ఎండగట్టడంతో పోల్చాడు. హాలండ్‌లో సముద్రాన్ని తోడి నేల తీసిన పని అది. నీళ్లున్నచోట నేల రావాలి, అంతే. అక్కడ తల్లీ బిడ్డా లేరు. ‘అవ్వాలి’ అని రాస్తే గొడవే ఉండదు.

రాయగడ:
మీరిద్దరూ చివరి మాట పట్టుకున్నారు, నాకు మొదటి మాటతోనే పేచీ. తెలుగులో ‘అది వచ్చిందా’ అంటే ఆవు కావచ్చు, ఆడపిల్లా కావచ్చు. మా పక్కింటి ఒడియావాళ్లకు ఈ చిక్కు లేదు. ఆడైనా మగైనా ‘సే’. తెలుగులో ‘అది ఉన్నచోట నేను’ అంటే ఆడదాన్ని తప్పించి మగవాడు కూర్చున్నట్టు వినబడదా?

పర్లాకిమిడి:
జర్మన్‌లోనూ అంతేనమ్మా. అమ్మాయిని చెప్పే మేట్షెన్ అనే మాట నపుంసకలింగం. దానికీ ‘ఎస్’ వాడతారు.

రాయగడ:
అయితే నా అనుమానం ఇంకా గట్టిపడింది! ఇంకో మాట. మా అమ్మమ్మ ‘నేను’ అనదు, ‘నాను’ అంటుంది. నేనూ అలాగే అనేదాన్ని, బడిలో దిద్దించారు. నాకు ఊహ తెలిసినప్పటి ‘నాను’ ఫ్రాయిడ్ ఇష్‌కి దగ్గరా, బడి నేర్పిన ‘నేను’ దగ్గరా? గిడుగు మీ పర్లాకిమిడిలో ఉండే కదా వాడుక మాట కోసం పోరాడాడు.

గుణుపురం:
అమ్మా, ‘నాను’ అనే రాయండి, నేను ఒప్పుకుంటాను. పాత కావ్యాల్లో ‘ఏను’ ఉండేది, ‘నేను’ కూడా ఒకప్పుడు కొత్తదే. అసలు నన్ను పీడించేది జేలె అనే జర్మన్ మాట. ఫ్రాయిడ్ జేలె అన్నచోట ఇంగ్లీషులో మైండ్ అని పెట్టారని మనస్తత్వవేత్త బెటెల్‌హైమ్ బాధపడ్డాడు. తెలుగులో దాన్ని ఆత్మ అనాలా, చిత్తం అనాలా? వేమన రెండూ వేరు చేశాడు: ‘ఆత్మశుద్ధిలేని ఆచారమదియేల’, ఆ తర్వాతే ‘చిత్తశుద్ధిలేని శివపూజలేల’. మధ్యలో భాండశుద్ధి, అంటే వంటగిన్నె. ఆత్మకీ చిత్తానికీ నడుమ గిన్నెను పెట్టిన కవి ఇంకెవరున్నారు! యాభై ఏళ్లుగా చదువుతున్నాను, ఆ వరస ఇప్పటికీ ఆశ్చర్యమే.

పర్లాకిమిడి:
‘ఆచారమదియేల’లోనూ ‘అది’ ఉంది, చూశారా!

గుణుపురం:
అది వట్టి ఊతం. సర్వనామంగా లెక్కపెట్టకండి.

పర్లాకిమిడి:
ఊతమైతే ‘ఆచారమేల’ అంటే సరిపోయేదిగా?

గుణుపురం:
గణం చెడదూ!

బరంపురం:
మేనల్లుడికి ఏం చెప్పను మరి? ‘అది’ చేతన లేనిది కాదు, అసలు చేతన పుట్టేదే అక్కడ అని 2013లో మెదడునూ మనసునూ కలిపి చదివే మార్క్ సోమ్స్ రాశాడని వాడే చెప్పాడు. స్ట్రేచీ ఇంగ్లీషు చేసిన ఫ్రాయిడ్ సంపుటాలు ఇరవై నాలుగింటినీ సవరించి 2024లో తెచ్చిందీ ఆయనేనట. అంటే పాతదాన్ని పారేయలేదు, ఇంకా దిద్దుకుంటున్నారు. నాకు అది చాలు. క్రియ మాత్రం తేల్చండి.

పర్లాకిమిడి:
అవ్వాలి.

గుణుపురం:
కావాలి.

రాయగడ:
‘వార్’ భూతకాలం కదండీ. అలాంటప్పుడు ‘ఉన్నచోట’ ఎలా అవుతుంది? ‘ఉండినచోట’ అనాలేమో.