ఐదో తరగతి పిల్లలతో చరిత్ర పరిశోధన ప్రాజెక్టు ఎలా నడపాలి?

సుద్దముక్క:
అందరికీ నమస్కారం. ఐదో తరగతి, 27 మంది పిల్లలు. వారానికి రెండు పీరియడ్ల చొప్పున ఆరు వారాలు టైముంది. అంశం ఇచ్చేస్తే నెట్‌లో దొరికిన పేరాలు, బొమ్మలు చార్టు మీద అతికించి తెస్తారు. అలా కాకుండా వాళ్లే వెతికి తేల్చుకునేలా చేయించడం ఎలా? ఆధారాలు సరిచూడటం ఈ వయసుకి బరువవుతుందా?

పాతకాగితం:
అంశం ఇవ్వకండి, ప్రశ్న ఇవ్వండి. "విమానం చరిత్ర" అంటే ఎత్తిరాయడమే అవుతుంది, అది ఎక్కడైనా వండివార్చినట్టు దొరుకుతుంది కాబట్టి. "1903 డిసెంబర్ 17న రైట్ సోదరుల విమానం గాల్లో ఎంతసేపు ఉంది, అది మనకెలా తెలుసు?" అంటే వెతక్క తప్పదు.

ముగ్గురేసి తొమ్మిది జట్లు చేయండి. నలుగురైతే ఒకరికి పని ఉండదు. 12 పీరియడ్లలో 2 ప్రశ్న తేల్చుకోడానికి, 5 చదివి నోట్సు రాయడానికి, 2 సరిచూడటానికి, మిగతా 3 చార్టుకీ చెప్పడానికీ. చార్టు పని రెండో వారంలోనే మొదలైతే చదవడం అక్కడితో ఆగిపోతుంది, రంగుల మీదికి మనసు పోతుంది.

నోట్సుకి ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేయండి. ముక్కకి ఒక్కటే సంగతి, పైన పుస్తకం పేరు, పేజీ నంబరు. పేరా చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది సొంత మాటల్లో రాయాలి. తర్వాత తెరిచి పేర్లు, అంకెలు మాత్రం సరిచూసుకోవాలి. పుస్తకం తెరిచి ఉన్నంతసేపూ చెయ్యి దాన్నే దించేస్తుంది, అది పిల్లల తప్పు కాదు.

మూలాధారం:
బరువేమీ కాదండి, రెండు ఆధారాలు పొసగని చోటు చూపిస్తే పిల్లలు వదలరు. పై ఉదాహరణే చూడండి. ఆ రోజు నాలుగుసార్లు ఎగిరారు. మొదటిది ఆర్విల్, 12 సెకన్లు, 120 అడుగులు. నాలుగోది విల్బర్, 59 సెకన్లు, 852 అడుగులు. ఇంటికి వెళ్లిన టెలిగ్రాములో మాత్రం అన్నిటికన్నా ఎక్కువసేపు ఎగిరింది 57 సెకన్లని ఉంది. ఆర్విల్ డైరీలో 59. టెలిగ్రాములో ఆర్విల్ పేరు స్పెల్లింగు కూడా తప్పే పడింది. కాబట్టి దారిలో ఎవరో పొరబడి ఉండొచ్చని పిల్లలే ఊహిస్తారు. ఏది నమ్మాలి, ఎందుకు అన్నది రెండు వాక్యాల్లో రాయించండి. మొత్తం ప్రాజెక్టులో నేను ఎక్కువ మార్కులు పెట్టేది ఆ రెండు వాక్యాలకే.

ఫోటో ఇస్తే నాలుగు భాగాల్లో మూడు కాగితంతో కప్పి, ఒక్కో భాగానికి రెండు నిమిషాలు చొప్పున చూపించండి. "కనిపించేది", "అనుకుంటున్నది" వేరు వేరు గడుల్లో రాయాలి. ఈ రెండూ కలిసిపోవడమే ఈ వయసులో పెద్ద చిక్కు. ఇంకోటి, రైట్ సోదరుల విమానం ఎగురుతున్న ప్రసిద్ధమైన ఫోటో మొదటిసారి ఎగిరినప్పటిది. దాని కింద 59 సెకన్లని రాసేస్తారు, చూసుకోండి.

సుద్దముక్క:
ధన్యవాదాలండి. పెద్దవాళ్లని ఇంటర్వ్యూ చేయించొచ్చా?

పాతకాగితం:
తప్పకుండా. ఆరు నుంచి ఎనిమిది ప్రశ్నలు చాలు, పావుగంట మించొద్దు. "అప్పుడు బడి బాగుండేదా?" అంటే "బాగుండేదమ్మా" అని ఊరుకుంటారు. "బడికి ఎలా వెళ్లేవారు, దారిలో ఏముండేవి?" అనాలి. రికార్డు చేసే ముందు వాళ్ల అనుమతి అడగాలి, ఒక నిమిషం రికార్డు చేసి విని చూసుకోవాలి. పెద్దవాళ్లకి సంఘటనలు గుర్తుంటాయి, సంవత్సరాలు జారిపోతాయి. చెప్పిన ఏడాదిని ఇంకో ఆధారంతో పోల్చాకే నోట్సు ముక్క మీదికి ఎక్కించండి.

కాలరేఖ:
కాలరేఖ గీయిస్తే స్కేలుతోనే గీయించండి. లేకపోతే సంఘటనలన్నీ సమాన దూరంలో పెట్టేస్తారు. ఏడాదికి 5 సెంటీమీటర్లంటే 1903 నుంచి చంద్రుడి మీద మనిషి దిగిన 1969 దాకా 66 ఏళ్లకి 3.3 మీటర్లు. చార్టులో పట్టదు, కాగితాలు అతికించి గోడ పొడవునా వేయండి. మధ్యలో ఖాళీలు అలాగే ఉండనివ్వండి, "ఇక్కడేం జరిగింది?" అని పిల్లలే అడుగుతారు.