ఎస్‌డీఆర్‌తో జీపీఎస్ రికార్డింగ్: ఫైల్ వస్తా ఉంది, శాటిలైట్ ఒక్కటీ దొరకడంలా

అలిపిరి_మేడ (తిరుపతి)
అన్నలూ కొంచెం చూడండి, నాలుగు రోజులుగా దీని మీదే ఉండా. ఆర్టీఎల్-ఎస్‌డీఆర్ వీ3 డాంగిల్ (యూఎస్‌బీకి గుచ్చే ఎస్‌డీఆర్, అంటే సిగ్నల్‌ని అంకెలుగా మార్చి కంప్యూటర్‌కి ఇచ్చే రేడియో), కారుకి పెట్టే చిన్న జీపీఎస్ యాక్టివ్ యాంటెన్నా. మేడ మీద స్టీలు ప్లేటు బోర్లించి దాని మీద టేపుతో అంటించినా, ఉత్తరం పక్క కొండ తప్పితే ఆకాశమంతా ఖాళీనే. జీపీఎస్ సిగ్నల్ వచ్చే 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గర సరిగ్గా 60 సెకన్లు రికార్డ్ చేస్తే ఫైల్ దాదాపు 24.5 కోట్ల బైట్లు వచ్చింది. ఆ ఫైల్‌లో శాటిలైట్లు వెతికే జీఎన్‌ఎస్‌ఎస్-ఎస్‌డీఆర్ సాఫ్ట్‌వేర్‌లో సెకనుకి 2.4 మెగాశాంపిల్స్ (24 లక్షల కొలతలు) అని పెట్టి నడిపితే ఒక్క శాటిలైటూ దొరకలా, వాటర్‌ఫాల్‌లో (సిగ్నల్ బలాన్ని రంగుల్లో చూపే బొమ్మలో) కూడా ఏమీ కనపడలా. 2023 మే 29న శ్రీహరికోట నుంచి ఎన్‌వీఎస్-01 శాటిలైట్ పోయిన్నుంచి నావిక్ (జీపీఎస్ లాంటి మన దేశం వ్యవస్థ) ఎల్1 సిగ్నల్ నేనే పట్టాలని ఆశ, ముందు జీపీఎస్‌తో చేయి తిప్పుకుందామనుకుంటే ఇక్కడే ఆగిపోయింది.

చిత్తూరు_రేడియో
తమ్ముడూ వాటర్‌ఫాల్ చూసి దిగులు పడొద్దు, అది అట్లే ఉంటాది. సిగ్నల్ నేలకి చేరేసరికి దాదాపు మైనస్ 130 డీబీఎం, నాయిస్ కంటే 20 డీబీ దాకా కిందే, శాటిలైట్ పంపే కోడ్‌తో కోరిలేట్ చేస్తేనే (పోల్చి కలిపితేనే) పైకి తేలేది. ముందు బయాస్ టీ (కేబుల్ గుండానే యాంటెన్నాకి కరెంటు ఇచ్చేది) ఆన్ అయిందా చూడు, యాంటెన్నా సాకెట్ దగ్గర మల్టీమీటర్ పెడితే 4.5 వోల్టులు రావాల. ఆన్ చేయంగానే నాయిస్ గీత కొంచెం పైకి లేస్తే లోపలి యాంప్లిఫయర్ పనిచేస్తా ఉన్నట్టే.

అలిపిరి_మేడ
4.5 వస్తా ఉందన్నా, గీత కూడా లేచింది.

మదనపల్లె_సిగ్నల్
బ్రో నీ ఫైల్ సైజే చెప్తా ఉంది కదా. ఒక్కో శాంపిల్‌కి 2 బైట్లు, 2.4 అయితే సెకనుకి 48 లక్షల బైట్లు, 60 సెకన్లకి 28.8 కోట్లు రావాల. నీకొచ్చిన 24.5 కోట్లని 60తో, మళ్ళీ 2తో భాగించు, దగ్గర దగ్గర 2.048 మెగాశాంపిల్స్ వస్తాది, అది రికార్డింగ్ కమాండ్ డిఫాల్ట్ రేటు. శాంపిల్ రేట్ ఆప్షన్ ఇవ్వడం మర్చిపోయినట్టుండావు. జీపీఎస్ కోడ్ 1 మిల్లీసెకనుకి ఒకసారి తిరుగుతాది, నీ ఫైల్‌లో ఆ మిల్లీసెకనుకి 2048 శాంపిల్స్ ఉంటే సాఫ్ట్‌వేర్ 2400 లెక్కన కోస్తా ఉంది, ఇంక కోడ్ ఎట్ల కలుస్తాది? ఇంకోటి, ఈ డాంగిల్ రాసేది అన్‌సైన్డ్ 8 బిట్, ప్రతి బైట్‌లోంచి 127.5 తీసేసి మార్చి ఇయ్యి, సైన్డ్ అనుకుని చదివితే అంతా చెత్తే. టీసీఎక్స్‌ఓ (వేడికి ఫ్రీక్వెన్సీ జరగనీయని క్రిస్టల్) లేని చవక డాంగిల్ వాడేవాళ్ళు డాప్లర్ రేంజ్ (సాఫ్ట్‌వేర్ అటూఇటూ వెతికే ఫ్రీక్వెన్సీ మేర) కూడా పెంచుకోవాల, 30 పీపీఎం (పది లక్షలకి 30 వంతులు) తప్పుంటే ఇక్కడ 47 కిలోహెర్ట్జ్ పక్కకి పోతాది. నీది వీ3 కాబట్టి ఆ బాధ లేదు.

అలిపిరి_మేడ
అన్నా వచ్చేసింది!! టెర్మినల్‌లో పైకి పోయి చూస్తే 2048000 అని రికార్డింగ్ కమాండే రాసింది, నేను చూసుకోలా. 2.4 పెట్టి మళ్ళీ తీసి, బైట్లు మార్చి ఇస్తే 7 శాటిలైట్లు, పొజిషన్ మా మేడ మీదే పడింది. ఒకటే, రాత్రి 8 తర్వాత తీసిన ఫైల్‌లో రెండు మధ్యలో లాక్ వదిలేస్తా ఉండాయి.

చిత్తూరు_రేడియో
చానా సంతోషం తమ్ముడూ. రాత్రిది నీ సెట్టింగ్ తప్పు కాకపోవచ్చు. మనం భూ అయస్కాంత మధ్యరేఖకి దగ్గర, పొద్దుగుంకినాక అయనోస్ఫియర్‌లో (పై వాతావరణంలో కరెంటు కణాలుండే పొరలో) బుడగలు లేచి సిగ్నల్ మినుకుమినుకుమంటాది, మార్చి, సెప్టెంబర్ అటూఇటూ ఇంకా ఎక్కువ. తిరుపతి దగ్గరుండే మన గాదంకి వాతావరణ పరిశోధన రాడార్‌తో చూసేవాటిల్లో ఇదీ ఒకటి. అదే సెట్టింగ్‌తో పగలు 11 గంటలకి ఒకటి తీసి పక్కన పెట్టి చూడు. రాత్రి ఫైల్ మాత్రం డిలీట్ చేయొద్దు, నాకూ కావాల.