స్టోరేజ్ క్లస్టర్‌లో నిజంగా లోడైన డ్రైవర్ వెర్షన్ గురించి సహాయం కావాలి

హనుమకొండలోని ఒక డయాగ్నస్టిక్ కేంద్రంలో స్కానింగ్ చిత్రాలను భద్రపరిచే రెండు నోడ్ల (సర్వర్ల) స్టోరేజ్ క్లస్టర్ నిర్వహణ నేను చూస్తున్నాను. రెండింటిలోనూ రాకీ లినక్స్ 8, క్లస్టర్‌ను నడిపే పేస్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఉన్నాయి.

డిస్కులను సర్వర్‌కు కలిపే ఎస్‌ఏఎస్ కార్డు తయారీదారు ఇచ్చిన కొత్త ఎంపీటీ3ఎస్‌ఏఎస్ డ్రైవర్‌ను రెండు నోడ్లలోనూ ఇన్‌స్టాల్ చేసి రీబూట్ చేశాము. మాడ్యూల్ (డ్రైవర్) ఫైలు వివరాలు చూపే మాడ్‌ఇన్ఫో ఆదేశం రెండుచోట్లా 43తో మొదలయ్యే వెర్షన్‌నే చూపుతోంది. అయితే అది డిస్కులో ఉన్న ఫైలు వివరమే తప్ప కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగంలో) నడుస్తున్న దాని వివరం కాదు కనుక, నడుస్తున్న కెర్నెల్ వివరాలుండే సిస్ డైరెక్టరీలో ఆ మాడ్యూల్ కింద ఉండే వెర్షన్ ఫైలును తెరిచి చూడగా, రెండో నోడ్‌లో ఇంకా 39తో మొదలయ్యే పాత వెర్షనే కనిపించింది. లోడైన మాడ్యూళ్ల జాబితా ఇచ్చే ఎల్‌ఎస్‌మాడ్ ఆదేశం మాడ్యూల్ పేరు, పరిమాణం, వాడకం వరకే చెబుతుంది కాబట్టి ఈ తేడా అందులో బయటపడదు. చాలామంది అక్కడితోనే ఆగిపోతారు, అది ప్రమాదకరమని నా అభిప్రాయం.

ఎల్‌ఎస్‌ఇనిట్‌ఆర్‌డీ ఆదేశంతో పరిశీలిస్తే, రెండో నోడ్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్ ఇమేజ్‌లో) విడిగా ఇన్‌స్టాల్ చేసిన డ్రైవర్లుండే ఎక్స్‌ట్రా డైరెక్టరీలోని కొత్త ప్రతి లేదు, కెర్నెల్‌తో వచ్చిన పాత ప్రతే ఉంది. బూట్ సమయంలో అదే ముందుగా లోడవుతోందని భావిస్తున్నాను.

ఆ నోడ్‌ను స్టాండ్‌బైలో (పని అప్పగించని స్థితిలో) పెట్టి, డ్రాకట్ ఆదేశంతో ఆ ఇమేజ్‌ను తిరిగి తయారుచేసి రీబూట్ చేస్తే సరిపోతుందా, లేక ఒకే మాడ్యూల్‌కు రెండు ప్రతులుంటే దేన్ని ఎంచుకోవాలో నిర్ణయించే డెప్‌మాడ్ ప్రాధాన్యాలను కూడా సరిచూడాలా? ఈలోగా ఫెయిలోవర్ (ఒక నోడ్ పని మరొకదానికి మారడం) జరిగితే, రెండు నోడ్లలో వెర్షన్లు వేరుగా ఉన్నందువల్ల మల్టీపాత్‌కు (ఒకే డిస్కును పలు మార్గాల్లో చేరే ఏర్పాటుకు) గానీ, స్కజీ రిజర్వేషన్లతో (డిస్కుపై నోడ్ల హక్కుల నమోదుతో) చేసే ఫెన్సింగ్‌కు (లోపమున్న నోడ్‌ను డిస్కులనుంచి దూరం పెట్టడానికి) గానీ ఇబ్బంది కలుగుతుందా? ఇవి రోగుల చిత్రాలు కనుక, ఇటువంటి అమరికను స్వయంగా నిర్వహించినవారు దయచేసి వివరంగా తెలియజేయగలరు.