లేజర్‌కు తాళం వేయడమా, శ్రుతి కలపడమా?

ప్రశ్న: డిగ్రీ విద్యార్థుల కోసం తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. రుబీడియం పరమాణువులను ఆధారం చేసుకుని లేజర్ పౌనఃపున్యాన్ని నిలకడగా ఉంచడం విషయం. ప్రయోగశాలలో అందరూ "లాక్ చేయడం" అంటారు. నేను "తాళం వేయడం" అని రాస్తే, లేజర్‌ను బీరువాలో పెట్టారా అని ఒక మిత్రుడు నవ్వాడు. వేరే మాట సూచిస్తారా?

జవాబు: తాళం వేసేది తలుపుకూ, పాటకూ కూడా. కానీ పాటలో తాళం లయకు చెందినది. పౌనఃపున్యం స్వరానిది కాబట్టి "శ్రుతి కలపడం" అనండి. రుబీడియం తంబురా, లేజర్ గాయకుడు.

జవాబు: "కుదురు" ఎందుకు వద్దు? కుండ ఒరిగిపోకుండా కింద పెట్టేది అదే కదా. "లేజర్‌ను కుదురు చేయడం" అంటే అచ్చ తెలుగు.

జవాబు: కుదురు మీద పెట్టిన కుండను మళ్ళీ పట్టుకోనక్కరలేదు. డయోడ్ లేజర్ అలా ఊరుకోదు. వేడి కాస్త మారినా, కరెంటు కాస్త మారినా దాని పౌనఃపున్యం జారిపోతుంది. రుబీడియం పీల్చుకునే కాంతి 780 నానోమీటర్లది, అంటే సుమారు 384 టెరాహెర్ట్జ్. వర్ణపటంలో అది ఒక సన్నని రేఖ; ఆ రేఖ సహజ వెడల్పు 6 మెగాహెర్ట్జ్ మాత్రమే. గాజు గొట్టంలో పరమాణువులు పరుగులు తీస్తుంటాయి కనుక అది దాదాపు 500 మెగాహెర్ట్జ్‌ల మేర అలుక్కుపోతుంది. అందుకే ఒకే లేజర్ నుంచి రెండు కిరణాలను ఎదురెదురుగా పంపి, వాటి దారిలో ముందుకూ వెనక్కూ కదలని పరమాణువుల సన్నని గుర్తును పట్టుకుంటారు.

అసలు తమాషా తరువాత ఉంది. సరిగ్గా ఆ గుర్తు కొన మీద ఉన్న లేజర్ ఎటు జారినా సంకేతం ఒకేలా తగ్గుతుంది, ఏ వైపో తెలియదు. కనుక పౌనఃపున్యాన్ని కావాలనే కొద్దిగా ఊపుతారు. ఆ ఊపుతో పాటు సంకేతం పెరిగిందా, తగ్గిందా అన్నదాన్ని బట్టి ఎటు జారిందో తెలుసుకుని, వెంటనే కరెంటును సవరిస్తారు. స్వరం చుట్టూ గమకం పలికించి స్వరస్థానాన్ని వెతికినట్టు!

వీణను ఒకసారి శ్రుతి చేస్తే కాసేపు నిలుస్తుంది. ఇక్కడ సవరణ ఆగదు. నా ఓటు "శ్రుతిలో నిలపడం"కు.

అడిగినవారు: అదే రాస్తాను. ఎవరో తలుపు గట్టిగా వేస్తే చాలు, మా దగ్గర "లాక్ పోయింది" అని అరుస్తారు. దానికి మాట వెతకాల్సిన పనే లేదు: శ్రుతి తప్పింది.