ఘాట్ రోడ్డు బస్సుకు ఫ్యూయల్ సెల్ ఎంత, బ్యాటరీ ఎంత?

ఏడుకొండల_సిమ్:
తిరుపతి–తిరుమల ఘాట్‌లో 2022 నుంచి బ్యాటరీ బస్సులు తిరుగుతున్నాయి కదా. అదే దారికి ఫ్యూయల్ సెల్ (హైడ్రోజన్ నుంచి కరెంటు పుట్టించేది), బ్యాటరీ రెండూ ఉన్న హైబ్రిడ్ బస్సును సిమ్యులేషన్‌లో నడుపుతున్నాను. నిండు బరువు 16 టన్నులు, ఎక్కుడు 18 కి.మీ., ఎత్తు తేడా 700 మీటర్లు, వేగం గంటకు 30 కి.మీ. అనుకున్నాను. ఏసీ, కంప్రెసర్లు, పంపులకు 14 కిలోవాట్లు. 100 కిలోవాట్ల స్టాక్ (ఫ్యూయల్ సెల్స్ దొంతర), 20 యూనిట్ల బ్యాటరీ పెడితే ఎక్కడం బాగానే ఎక్కుతోంది. దిగేటప్పుడు మాత్రం సగం దారిలోనే బ్యాటరీ నిండి రీజెన్ (బ్రేకు వేసినప్పుడు మోటారు కరెంటు పుట్టించి బ్యాటరీకి పంపడం) ఆగిపోతోంది. ఏది పెంచాలి?

స్టాక్‌_లెక్క:
స్టాక్ తగ్గించి, బ్యాటరీ పెంచండి. 16 టన్నులను 700 మీటర్లు ఎత్తడానికే 30.5 యూనిట్లు కావాలి. 36 నిమిషాల్లో ఎక్కాలంటే అది సగటున 51 కిలోవాట్లు. టైర్ల రాపిడికి 10, మోటారు, గేర్ల నష్టాలు, మీ 14 కలిపితే మొత్తం 84. సొలారిస్ అర్బినో 12 హైడ్రోజన్ బస్సులో ఉన్నట్టే 70 కిలోవాట్ల స్టాక్ తీసుకుని, ఎక్కుడులో 60 దగ్గర నిలకడగా నడపండి. తక్కువపడే 24 కిలోవాట్లను బ్యాటరీ ఇస్తుంది, అంటే కొండెక్కేసరికి 14.4 యూనిట్లు. ఛార్జ్‌లో 40 శాతమే వాడుకుంటామనుకుంటే 36 యూనిట్లు. పాతబడ్డాక 80 శాతమే మిగులుతుంది కాబట్టి కొత్తగా 45 పెట్టాలి.

దిగేటప్పుడు ఆ 30.5 యూనిట్లలో రాపిడికి 6 పైచిలుకు పోగా మిగిలిన 24లో 18 దాకా చేతికొస్తుంది. ఏసీ వగైరాలకు 8.4 ఖర్చు. స్టాక్‌ను పూర్తిగా ఆపకుండా 9 కిలోవాట్ల దగ్గర ఉంచితే మరో 5.4 వస్తుంది. మొత్తం 15. ఎక్కుడులో వాడింది తిరిగొచ్చేసినట్టే. ఒక్క రౌండుకు హైడ్రోజన్ సుమారు 2.6 కిలోలు.

రేడియేటర్‌_మాట:
పై లెక్కకు ఒకటి చేర్చాలి, వేడి. స్టాక్ ఒక్కటే 84 ఇవ్వాలంటే, 48 శాతం సామర్థ్యం దగ్గర 91 కిలోవాట్ల వేడిని బయటికి పంపాలి. 70 కిలోవాట్ల చిన్న స్టాక్ 60 ఇస్తే సామర్థ్యం 47కి దిగినా వేడి 68 మాత్రమే. డీజిల్ ఇంజన్ వేడిలో పెద్ద భాగం సైలెన్సర్ గుండా పోతుంది, ఇక్కడ దాదాపు అంతా కూలెంట్ మోయాలి. కూలెంట్ 70 డిగ్రీలు, మే నెల గాలి 40. తేడా 30 డిగ్రీలే. గంటకు 30 కి.మీ. వేగంలో ఎదురుగాలి సాయం ఉండదు, భారమంతా ఫ్యాన్లదే. చాలా డిజైన్లు దెబ్బతినేది ఇక్కడే.

ఏడుకొండల_సిమ్:
థాంక్సండీ. 45 యూనిట్లతో మళ్లీ నడిపాను. అయినా పైకి చేరి స్టాండులో ఆగగానే స్టాక్ బ్యాటరీని నింపేస్తోంది!

స్టాక్‌_లెక్క:
ఛార్జ్ లక్ష్యం 60 శాతం అని స్థిరంగా పెట్టి ఉంటారు. అందుకే కొండ మీద తగ్గిందని కంట్రోలర్ నింపేస్తోంది. ఆ నిండు బ్యాటరీతో దిగితే భారమంతా బ్రేక్ లైనింగుల మీద పడి, అవి కాలి పట్టు తప్పుతాయి. ఘాట్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది. దారి ఎప్పుడూ అదే కాబట్టి లక్ష్యాన్ని ఎత్తుకు కట్టేయండి: కింద 75 శాతం, ప్రతి 100 మీటర్లకు 4.5 చొప్పున తగ్గిస్తూ పైన 43 దాకా. స్టాండులో ఆగినప్పుడు స్టాక్ ఆ 14 కిలోవాట్లే ఇవ్వాలి. స్టాక్ మీద లోడ్ పెంపు సెకనుకు 5 కిలోవాట్లు దాటకూడదు. 9 కంటే బాగా కిందికి దించినా సెల్ వోల్టేజీ 0.85 దాటి అందులోని ప్లాటినం ఉత్ప్రేరకం కరిగిపోతుంది. మలుపుల దగ్గర రీజెన్ 100 కిలోవాట్లకు లేస్తుంది కాబట్టి ఎల్‌టీవో (లిథియం టైటనేట్) లాంటి, వేగంగా ఛార్జ్ తీసుకునే పవర్ సెల్స్ చూసుకోండి. రీజెన్ ఎక్కడికీ పోలేని రోజు కోసం పైకప్పు మీద బ్రేక్ రెసిస్టర్ (మిగులు కరెంటును వేడిగా మార్చేది) తప్పనిసరి.