పూర్తిగా దుష్టుడైన ప్రతినాయకుణ్ణి నమ్మదగినట్టు రాయడం ఎలా?

నీలిసిరా:
నేను రాస్తున్న నవలలో ప్రతినాయకుడు, తల్లిదండ్రులు లేని పన్నెండేళ్ల అమ్మాయికి సంరక్షకుడిగా వచ్చిన బంధువు. ఆస్తిని కాజేయడం అతని ఉద్దేశం. అంతకంటే ఎక్కువగా, ఆ పిల్ల తన మీద ఆధారపడి భయపడుతూ బతకడం అతనికి ఇష్టం. అతనిలో మంచి అనేది లేశమైనా ఉండకూడదని మొదటినుంచీ అనుకున్నాను. అయితే చిత్తుప్రతి చదివిన మిత్రులిద్దరూ "ఇతను ఎందుకిలా తయారయ్యాడు?" అని అడిగి, బాల్యంలో పడిన కష్టం ఏదైనా చేర్చమన్నారు. చేరిస్తే పాఠకుడి జాలి అమ్మాయిని వదిలి అతనివైపు మళ్లుతుందని నా భయం; చేర్చకపోతే అతను అట్టబొమ్మలా మిగిలిపోతున్నాడు. గతం చెప్పకుండా ఇటువంటి మనిషికి ప్రాణం పోయడం సాధ్యమేనా?

పుటలమధ్య:
సాధ్యమే. మీ మిత్రులకు కలిగిన అసంతృప్తి నిజమైనదే కానీ, దానికి వాళ్లు ఊహించిన కారణం సరైనది కాదని నాకు అనిపిస్తోంది. పాత్ర పలచగా ఉన్నప్పుడు పాఠకుడు దాని గతాన్ని అడుగుతాడు. ఆ పాత్ర కళ్లెదుట చేస్తున్న పని అతణ్ణి కట్టిపడేసినప్పుడు గతం గుర్తుకే రాదు.

షేక్‌స్పియర్ నాటకం 'ఒథెల్లో'లో ప్రతినాయకుడైన ఇయాగోను చూడండి. తనకు రావలసిన పదవి కాసియోకు దక్కిందంటాడు, తన భార్యకూ ఒథెల్లోకూ సంబంధం ఉందని అనుమానమంటాడు. వీటిలో ఏదీ అతను తెచ్చిపెట్టిన వినాశనానికి సరితూగదు. చివరి అంకంలో నిలదీసినప్పుడు, ఇకమీదట ఒక్క మాటా మాట్లాడనని నోరు మూసుకుంటాడు. అంటే, మీ మిత్రులు అడిగిన ప్రశ్ననే నాటకంలోని మనుషులూ అడిగారు, జవాబు రాలేదు. అయినా ఆ పాత్ర ఎక్కడా నిర్జీవంగా అనిపించదు, ఎందుకంటే ఎదుటివాళ్లను అతనంత శ్రద్ధగా గమనించేవాడు ఆ నాటకంలో మరొకడు లేడు. ఎవరిలో అసూయ ఉందో, ఎవరు తాగితే అదుపు తప్పుతారో, ఎవరి మంచితనాన్ని ఏ పనికి వాడుకోవచ్చో అతనికి తెలుసు.

మీ సంరక్షకుడికి కావలసింది ఆ శ్రద్ధ అని నా అభిప్రాయం. అమ్మాయికి ఏ పుస్తకం ఇష్టమో, ఏ గదిలో ఉంటే ధైర్యంగా ఉంటుందో, ఎవరి పేరు వింటే ముఖం వికసిస్తుందో తెలుసుకోవడానికి అతను ప్రేమగల తండ్రికంటే ఎక్కువ ఓపిక పట్టాలి; ఆ తర్వాత వాటిని ఒక్కొక్కటిగా, ప్రతిసారీ కాదనలేని కారణం చూపిస్తూ, తీసేయాలి.

విరాటపర్వం_పాఠకురాలు:
పై మాటతో ఏకీభవిస్తూనే మరొక దిక్కు చూపించాలనుకుంటున్నాను. ధనంజయుడనే సంస్కృత లాక్షణికుడు రాసిన నాటకలక్షణ గ్రంథం 'దశరూపకం' ప్రతినాయకుణ్ణి లోభి, ధీరోద్ధతుడు (ధైర్యం, గర్వం రెండూ ఉన్నవాడు), మొండివాడు, పాపి, వ్యసనపరుడు అని చెప్పి ఊరుకుంది. అలా ఎందుకయ్యాడో వివరించే బాధ్యతను కవి మీద పెట్టలేదు. కీచకుడి పూర్వకథ మనం ఎప్పుడైనా అడిగామా? ఆ ఘట్టంలో భయం పుట్టించేది అతని కోరిక ఒక్కటే కాదు. సోదరుడి బుద్ధి తెలిసి కూడా విరాటుడి రాణి సుధేష్ణ మద్యం తెమ్మనే మిషతో ద్రౌపదిని అతని ఇంటికి పంపుతుంది. నిండు సభలో అతను ద్రౌపదిని తన్నితే, సేనాధిపతి అయిన బావమరిదిని విరాటుడు దండించలేకపోతాడు. రాజుకు అతని అవసరం ఉంది కనుక అతనికి అడ్డు లేదు.

మీ కథలో ఆ సభ ఎక్కడుంది? సంరక్షకుడి వల్ల లాభపడేవాళ్లు, అనుమానం ఉన్నా అడగనివాళ్లు, అడిగి వెంటనే నమ్మేసినవాళ్లు ఎవరు? అతను మొదటి పుటనుంచి చివరి పుటదాకా మారకపోయినా ఫరవాలేదు, వీళ్లు మారుతూ ఉంటే కథ కదులుతుంది. ఎందుకిలా తయారయ్యాడన్న ప్రశ్న కూడా అతణ్ణి వదిలి, ఇతన్ని ఎవరూ ఎందుకు ఆపలేదన్న దగ్గరికి వస్తుంది. నవలకు ఆ ప్రశ్నే ఎక్కువ బలాన్నిస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

మూడోచిత్తు:
రాతపనికి సంబంధించి రెండు విషయాలు మాత్రం చెబుతాను. క్రూరకృత్యాల సంఖ్య పెంచకండి. మూడోదానికల్లా పాఠకుడి మనసు మొద్దుబారుతుంది. ఒక్క పని చేయించి, దాని ఫలితం ఆ పిల్ల నిద్రలో, తిండిలో, మాటతీరులో ఎన్నాళ్లు నిలిచిందో రాయండి. అలాగే దుర్మార్గానికి గుర్తుగా అవిటితనాన్నో, వికారమైన ముఖాన్నో వాడకండి. అది అన్యాయమే కాక, ఎవరికి భయపడాలో పాఠకుడికి ముందే చెప్పేస్తుంది.

నీలిసిరా:
అందరికీ కృతజ్ఞతలు. బాల్యం గురించిన అధ్యాయం ఇక రాయను. అమ్మాయి ఆస్తి లెక్కలు చూసే గుమాస్తా ఇప్పటివరకు రెండు సన్నివేశాల్లోనే కనిపించాడు. అతనికి అంతా తెలిసేలా మార్చాలనుకుంటున్నాను. అటువంటప్పుడు కొన్ని అధ్యాయాలను సంరక్షకుడి దృష్టికోణంలో ఉంచవచ్చా, లేక పూర్తిగా తీసేయాలా?

పుటలమధ్య:
తీసేసి, వాటిని గుమాస్తాకు ఇవ్వండి. సంరక్షకుడి ఆలోచనల్లోకి వెళితే ప్రతి పనికీ అతను తనకు తాను చెప్పుకునే సమర్థనను మీరు రాయక తప్పదు, పాఠకుడు దానికి కొంతైనా లొంగుతాడు. గుమాస్తా అయితే సంరక్షకుడు చేసేది చూస్తాడు, లెక్క రాస్తాడు, జీతం తీసుకుంటాడు.